బండి ముందు దీపములు మసకబారినపుడు



రాత్రివేళ బండి నడుపువానికి తన కన్నులు రెండే చాలవు. బండికిని కన్నులుండవలెను. ఆ కన్నులే ముందు దీపములు. పగటివేళ నివి యున్నవో లేవో యెవ్వరును చూడరు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మటనే వాని విలువ తెలియును. పాతబండ్లలో నీ దీపములు మసకగా వెలుగుటకు కారణమేమి? ఆ కారణమును ఊహతో గాక, చేతిలో నిమిడిపోవు ఒక చిన్న మీటరుతో కనుగొనుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు ముచ్చటించెదను.

వీధిదీపముల నడుమ తిరుగు పట్టణవాసులకిది చిన్న సంగతిగా తోచవచ్చును. కాని ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల సంగతి వేఱు. 2016వ సంవత్సరములో నీ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. దారులు మాత్రము పాతవే. ఉట్నూరు నుండి జైనూరు వైపు, నార్నూరు వైపు పోవు అడవిబాటలలో రాత్రివేళ బండిదీపము తప్ప వేఱు వెలుగు తఱచుగా కనబడదు. నిర్మలు దాటిన పిమ్మట మహబూబు ఘాటు మలుపులు కలవు. చలికాలములో ఆదిలాబాదు ప్రాంతమున తెల్లవాఱుజామున పొగమంచు క్రమ్ముకొనును. సరిగా ఆ కాలముననే పత్తి నింపిన బండ్లు మార్కెట్టునకు రాత్రియే బయలుదేఱును. కేస్లాపూరులో నాగోబా జాతర పుష్యమాసపు టమావాస్యనాడు మొదలగును. అనగా వేలకొలది జనము ఆ త్రోవల నడచునది చంద్రుడు లేని రాత్రి యన్నమాట. అట్టి రాత్రి గూడెము నుండి ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆసుపత్రికి గొనిపోవు జీపునకు దీపములు మసకగా నున్నచో, అది రెండు ప్రాణముల మాట. ఎదుట దీపము లేని యెడ్లబండి యున్నచో మఱికొన్ని ప్రాణముల మాట.

వింత యేమనగా, ఈ సీమ వెలుగునకు పుట్టినిల్లు. సింగరేణి బొగ్గు ఇచ్చటి భూమిలోనిదే. రామగుండములో నెన్.టి.పి.సి. వారి కేంద్రమున మొదటి యంత్రము 1983లో పనిచేయ నారంభించినది. అచ్చట 200 మెగావాట్ల యంత్రములు మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తము 2600 మెగావాట్ల శక్తి నెలకొల్పబడినది. ఆ విద్యుత్తు దక్షిణదేశ రాష్ట్రములకు పోవుచున్నది. అదే గోదావరి యొడ్డున ఒకటి రెండు వోల్టులు తుప్పుపట్టిన తీగకొనలో పోగొట్టుకొని, పాతజీపు గ్రుడ్డిదాని వలె తడవుకొనుచు పోవుచుండును. రామగుండమున కైనను, జీపున కైనను విద్యుత్తు ధర్మమొక్కటియే. దారిలో నష్టము తగ్గింపనిచో గమ్యమున వెలుగుండదు.

మన ప్రాంతమున మోటారుబండ్ల చరిత్ర కొత్తది కాదు. 1932 జూనులో నిజాము ప్రభుత్వ రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. మహీంద్రా వారు 1947 నుండి మన దేశమున జీపులను కూర్చసాగిరి. అంబాసిడరు కారు 1957 నుండి 2014 వఱకు తయారైనది. ఈ పాత జీపులు, కార్లు, ట్రాక్టరులు నేటికిని కొన్ని మన పల్లెలలో కష్టపడుచునే యున్నవి. ఇంజను బాగుగనే యుండును, చక్రములు బాగుగనే యుండును. తీగలు మాత్రము ముసలివగును. వాగులు దాటునపుడు నీరు తగులును, రేగడిబురద పట్టును, ఎలుకలు కొఱుకును, ఏండ్ల తరబడి యదరుటచే బిగింపులు వదులగును. ఈ ముసలితనము కంటికి కనబడదు. దీపము మసకబాఱుటయే దాని మొదటి గుఱుతు.

ఇక అసలు విషయమునకు వత్తము. విద్యుత్తు నడకను తెలిసికొనుటకు మన రైతులకు కాలువను మించిన ఉపమానము లేదు. శ్రీరాంసాగరు జలాశయము నుండి కాకతీయ కాలువ మన కరీంనగరు సీమ మీదుగా పోవుచున్నది. తూమువద్ద నీరు నిండుగనే యుండవచ్చును. అయినను చివరి మడి రైతు నీరందక మొఱపెట్టుట మనము వినలేదా? ఆ రైతు జలాశయమును తిట్టిన ప్రయోజనము లేదు. తన మడిని లోతుగా త్రవ్వుకొన్నను ప్రయోజనము లేదు. కాలువ యెచ్చట పూడినదో నడచి చూడవలెను. బండిలో బ్యాటరీయే జలాశయము. తీగలు కాలువలు. స్విచ్చి తూము. బల్బు చివరి మడి. నీటిమట్టమునకు సమానమైనది వోల్టు. పాఱుదలకు సమానమైనది ఆంపియరు. పూడికకు సమానమైనది ఓము. ఒక్క భేదము మాత్రము గుఱుతుంచుకొనవలెను. విద్యుత్తు బల్బువఱకు పోయిన చాలదు. అది తిరిగి బ్యాటరీని చేఱవలెను. ఆ తిరుగుదారి పెక్కు బండ్లలో ప్రత్యేకమైన తీగ కాదు. బండి యినుప శరీరమే. దీనినే మన మిస్త్రీలు 'బాడీ ఎర్తు' అందురు. రాకకు ఎంత మంచిదారి వలయునో, పోకకును అంత మంచిదారి వలయును. ఈ రెండవదారిని మఱచుట చేతనే సగము పాట్లు కలుగుచున్నవి.

ఈ వోల్టును, ఆంపియరును, ఓమును ఒకే పెట్టెలో కొలుచు సాధనమే మల్టీమీటరు. ఇంగ్లండు తపాలా శాఖలో నింజనీరుగా నుండిన డోనాల్డు మెకాడీ అను నతడు, మూడు కొలతలకు మూడు మీటరులు మోయుట దుర్భరమని తలచి, మూడింటిని ఒకటిగా కూర్చెను. అది 1923లో 'అవో మీటరు' అను పేర అమ్మకమునకు వచ్చినది. ఆంపియరు, వోల్టు, ఓము అను మూడు మాటల మొదటి యక్షరములే ఆ పేరు. అది నాడు విలువైన వస్తువు. నేడు అంకెలు చూపు చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే లభించుచున్నది. ఒక్కజత బల్బుల వెలకంటె మిక్కిలి యెక్కువ కాదు. కొనుట సులభమే. అడుగవలసిన ప్రశ్నను దానిని అడుగుట నేర్వవలెను. తప్పుప్రశ్న వేసిన మీటరును సరియైన యంకెతోనే మనలను మోసపుచ్చును.

అది యెట్లో నేను చూచిన యొక జీపు కథ చెప్పెదను. అది యేజెన్సీ గ్రామముల నడుమ జనమును చేరవేయు పాతబండి. దాని యజమానియే డ్రైవరు. నేను బండ్ల విద్యుత్తుపని చేయువాడనని విని నాయొద్దకు వచ్చి యిట్లు మొఱపెట్టుకొనెను: "బల్బులు రెండుసార్లు మార్పిచ్చిన సార్. బ్యాటరీ గూడ కొత్తదే ఏసిన. అయినా గుడ్డిదీపం లెక్కనే ఉన్నది. చీకటి పడ్డదంటే కిరాయి ఒప్పుకుంటలేను." ఆతనితో వచ్చిన ముసలి మిస్త్రీ యింజనుపనిలో మంచి చేయి తిరిగినవాడు. ఆయన యనెను: "బ్యాటరీల కరెంటు నిండుగ ఉన్నది, హోల్డరుకాడికి కరెంటు వస్తున్నది, ఇగ తప్పు బల్బుది గాకుంటె దేనిది సార్?"

ఆయన చెప్పిన దబద్ధము కాదు. బల్బు నూడదీసి హోల్డరులో మీటరు పెట్టగా 12.6 వోల్టులు చూపినది. నిండు బ్యాటరీ విశ్రాంతిగా నున్నపుడు చూపవలసిన యంకె యదియే. "ఉస్తాద్, తూము మూసిన కాలువలో నీరు నిలిచియున్నది. మట్టము నిండుగనే కనబడును. మడికి నీరు వదలి చూతము" అని బల్బును మఱల పెట్టించి, ఇంజను నడుపుచు, దీపములు వెలుగుచుండగా కొలిచితిమి. బ్యాటరీ మీద 13.8 వోల్టులు. బల్బు రెండు కొనల నడుమ 10.9 వోల్టులు మాత్రమే! మిగిలిన 2.9 వోల్టులు దారిలో నెవరో దొంగిలించుచున్నారు.

బల్బు లేనపుడు దొంగ యేల దొరకలేదు? మీటరు తనకై పుచ్చుకొను విద్యుత్తు మిక్కిలి స్వల్పము. అంకెలు చూపు మీటరు లోపలి యడ్డంకి తఱచుగా ఒక కోటి ఓములు. 12 వోల్టులకది పుచ్చుకొనునది ఆంపియరులో పదిలక్షల వంతున కించుక యెక్కువ. అంత సన్నని ధార తుప్పులో నుండియు, ఒక్క పోగుతో వ్రేలాడు తీగలో నుండియు నిరాటంకముగా పోవును. 55 వాట్ల బల్బులు రెండు వెలుగుటకు ఇంచుమించు 9 ఆంపియర్లు కావలెను. అంత ప్రవాహము వచ్చినపుడే యిఱుకుదారి బయటపడును. కావున మొదటి సూత్రమిది: దీపము వెలుగుచుండగా కొలిచిన వోల్టే వోల్టు. బల్బు తీసి కొలిచినది సగము సాక్ష్యము మాత్రమే.

కొందఱు బ్యాటరీ విప్పి, తీగ కొనల నడుమ ఓములు కొలిచి, మీటరు 'పీ' యని కూసినంతనే తీగ మంచిదని తీర్పు చెప్పుదురు. ఇదియు చాలదు. లెక్కవేసి చూడుడు. ఈ జీపులో ఎర్తువైపు పోయిన నష్టము 1.7 వోల్టులని తరువాత తేలినది. పాఱుచున్నది 8.7 ఆంపియర్లు. భాగించిన వచ్చునది ఓములో నైదవవంతు మాత్రమే. చౌక మీటరు యొక్క పుల్లతీగలకే అంతటి యడ్డంకి యుండును. కావున నా లోపము మీటరునకు లోపముగనే కనబడదు. తెగిన తీగను కనుగొనుటకు ఓముల కొలత మంచిది. అరిగిన తీగను కనుగొనుటకు వోల్టుల నష్టమును కొలుచుటయే మార్గము.

ఆ నష్టమును కొలుచు విధము సులభము. మీటరు ముల్లును ఏకదిశా వోల్టుల 20 అను గుఱుతుపై నిలుపవలెను. దీపములు వెలుగుచుండవలెను. మొదట రాకదారి: మీటరు ఎఱ్ఱపుల్లను బ్యాటరీ ధనధ్రువము మీద, నల్లపుల్లను బల్బునకు విద్యుత్తు వచ్చు కొనమీద ఉంచవలెను. వచ్చిన యంకె యా దారిలో పోయిన వోల్టులు. ఆ జీపులో 1.2 వచ్చినది. పిమ్మట పోకదారి: ఎఱ్ఱపుల్లను బల్బు ఎర్తు కొనమీద, నల్లపుల్లను బ్యాటరీ ఋణధ్రువముమీద ఉంచవలెను. 1.7 వచ్చినది. ఇక లెక్క సరిచూతము. బల్బు మీద 10.9, రాకదారిలో 1.2, పోకదారిలో 1.7, మొత్తము 13.8. బ్యాటరీ మీద కొలిచినదియు 13.8 యే. ఈ కూడిక ఎల్లపుడును సరిపోవలెను. సరిపోనిచో మన కొలతలో పొరపాటున్నదని యర్థము. జర్మను శాస్త్రజ్ఞుడు కిర్కాఫు 1845లో ప్రకటించిన నియమము మన జీపు మూతక్రింద నిట్లు సాక్షాత్కరించుచున్నది.

మంచి బండిలో రాకదారిలో అర వోల్టునకు మించియు, పోకదారిలో 0.2 వోల్టునకు మించియు పోరాదు. కావున ఈ జీపులో పెద్దదొంగ పోకదారిలో నున్నాడు. ఎఱ్ఱపుల్లను ఎర్తుతీగ వెంబడి జరుపుచు పోతిమి. తీగ చివరనున్న కన్నపు బిళ్ళ మీద 1.6, ఆ బిళ్ళ బిగింపబడిన రేకు మీద 0.1. తీగ మంచిదే, రేకు మంచిదే. రెండింటి నడుమ ఒక వ్రేలి మందములో 1.5 వోల్టులు మాయమగుచున్నవి. మర విప్పి చూడగా, బిళ్ళ క్రింద నిగనిగలాడు రంగు! బండికి కొత్తగా రంగు వేయించినపుడు ఎవరో ఆ రంగు మీదనే బిళ్ళను బిగించిరి. మర యొక్క దారములే విద్యుత్తునకు దారియైనవి, అవియు తుప్పుపట్టినవి. గరుకుకాగితముతో రంగు గీకి, లోహము తెల్లగా కనబడువఱకు రుద్ది, బిగించి, తడి తగులకుండ పైన గ్రీజు పూసితిమి. ఖర్చు ఒక గరుకుకాగితపు ముక్క.

మఱల కొలువగా పోకదారిలో 0.1, బల్బు మీద 12.4. ఒక విశేషము గమనింపుడు. రాకదారిలోని నష్టము 1.2 నుండి 1.3 అయ్యెను. ఏలయన, ఒకచోట పూడిక తీసిన ప్రవాహము హెచ్చును. హెచ్చిన ప్రవాహమునకు మిగిలిన యిఱుకులు మఱింత యడ్డుపడును. కావున మరమ్మతు చేసిన ప్రతిసారి మఱల కొలువవలెను.

రాకదారిని గూడ మెట్టుమెట్టుగా నడచితిమి. బ్యాటరీ నుండి స్విచ్చి లోపలి కొనవఱకు 0.2. స్విచ్చి వెలుపలి కొనవఱకు 1.0. డిప్పరు స్విచ్చి దాటిన పిమ్మట 1.2. బల్బు కడ 1.3. అంకెలే చెప్పుచున్నవి, స్విచ్చి యొక్కటియే 0.8 వోల్టులు మ్రింగుచున్నది. చేయి పెట్టి చూడగా వెచ్చగా నుండెను. పాతబండ్లలో దీపముల ప్రవాహమంతయు స్విచ్చి గుండనే పోవును. ఏండ్ల తరబడి నిప్పురవ్వలు పుట్టి లోపలి రాగిబిళ్ళలు నల్లబడును. కొత్తస్విచ్చి వేసినను కొంతకాలమునకు అదే గతి. శాశ్వతమైన యుపాయము రిలే.

రిలే యనగా చిన్న విద్యుదయస్కాంతముతో పనిచేయు స్విచ్చి. దానికి సాధారణముగా నాలుగు కొనలుండును. వానిమీద 30, 85, 86, 87 అను నంకెలు చెక్కబడియుండును. 85, 86 లు అయస్కాంతపు చుట్టవి. పాతస్విచ్చి నుండి వచ్చు తీగ నొకదానికి, ఎర్తును రెండవదానికి కలుపవలెను. 30 కి బ్యాటరీ నుండి ఫ్యూజు గుండ మందమైన తీగ. 87 నుండి బల్బులకు మందమైన తీగ. ఇక స్విచ్చి మోయవలసినది ఆంపియరులో నైదవవంతు మాత్రమే. పెద్దప్రవాహము దగ్గఱదారిన పోవును. సమీపపు కాంతికొకటి, దూరపు కాంతికొకటి, రెండు రిలేలు వేయుట మేలు. ఫ్యూజును బ్యాటరీ కడనే ఉంచవలెను. ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క ఫ్యూజున్నచో నింకను మేలు. ఒకటి పోయినను రెండవ కన్ను మిగులును.

రిలేలు వేసిన పిమ్మట బల్బు మీద 13.3 వోల్టులు వచ్చినవి. 10.9 నుండి 13.3 కు పెరుగుట స్వల్పముగా తోచును గాని, కాంతి వోల్టుతో సమముగా పెరుగదు. ఇంచుమించు మూడున్నర ఘాతమున పెరుగును. వోల్టు నూటికి పది తగ్గిన, కాంతి నూటికి ముప్పది తగ్గును. ఆ లెక్కను మా జీపు కాంతి ఇంచుమించు రెట్టింపైనది. బల్బులవే. బ్యాటరీ అదియే. ముసలి మిస్త్రీ గోడమీద పడిన వెలుగును చూచి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "గీ మీటరు నాకొకటి తెప్పియ్యి సార్" అనెను.

ఆయన విద్యను నేను తక్కువచేయుట లేదు. పాతమిస్త్రీలు వాడు టెస్టులైటు చాల మంచి సాధనము. అది తానే కొంత ప్రవాహమును పుచ్చుకొనును గనుక, ఉత్తపుల్లల మీటరు వలె గాలివోల్టునకు మోసపోదు. అయితే ఎంత తగ్గినదో చెప్పజాలదు. తీగ కొనను బండి రేకునకు తగిలించి నిప్పురవ్వ చూచుట మాత్రము మానవలెను. తీగలు కాలుట, బ్యాటరీ వాయువు అంటుకొనుట దానివలన కలుగవచ్చును.

ఇక శ్రోతలు తమ బండి కడ నిలిచి మొదట చేయవలసిన విచారణ చెప్పెదను. దీనికి మీటరైనను అక్కఱలేదు. ఒక్క దీపమే మసకయైనచో లోపము ఆ దీపమునకు చీలిన తీగలో, హోల్డరులో, దాని ఎర్తులో, లేక బల్బులో నుండును. రెండును మసకయైనచో ఉమ్మడిదారిని చూడవలెను: బ్యాటరీ, స్విచ్చి, ఉమ్మడి ఎర్తు. రెండు దీపములలోను దూరపు కాంతి మాత్రమే లేనిచో డిప్పరు స్విచ్చిని అనుమానింపవలెను. ఇంజను వేగము హెచ్చించినపుడు వెలుగు మిక్కిలి పెరిగినచో బ్యాటరీ నీరసించినదనియో, డైనమో చాలినంత యిచ్చుట లేదనియో తెలియును. సమీపపు కాంతి వేసినపుడు ఒక దీపము మసకగా నుండి, దూరపు కాంతిని సూచించు చిన్నదీపము సన్నగా వెలిగిన, ఆ మసకదీపమునకు ఎర్తు తెగినదని యెంచవచ్చును. తిరుగుదారి లేని విద్యుత్తు ఆ బల్బులోని రెండవతీగ గుండ వెనుకకు పోయి, ప్రక్కదీపము ద్వారా ఎర్తును వెదకుకొనుటయే యందులకు కారణము.

పిమ్మట బ్యాటరీ. ఇంజను ఆపి కొంతసేపైన తరువాత 12.6 వోల్టులు నిండుదనమును, 12.2 సగమును, 12 కు దిగువ రిక్తతను తెలుపును. ఇంజను నడచునపుడు 13.8 మొదలు 14.4 వఱకు నుండవలెను. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బల్బులు తఱచు మాడుటకు అదియే కారణము కావచ్చును. లారీలకు, బస్సులకు 24 వోల్టుల యేర్పాటుండును గనుక ఈ యంకెలను రెట్టింపుగా గ్రహింపవలెను. కొన్ని పాత ఇంగ్లీషు కార్లలో ధనధ్రువమే ఎర్తునకు కలుపబడియుండును. అప్పుడు మీటరులో ఋణచిహ్నము కనబడును, భయపడనక్కఱలేదు. కొన్ని పాత స్కూటరులలో దీపమునకు వచ్చునది ఇంజను మాగ్నెటో నుండి ఉభయదిశా విద్యుత్తు. అచ్చట మీటరును ఆ గుఱుతున నుంచి కొలువవలెను.

కొన్ని జాగ్రత్తలు తప్పక పాటింపవలెను. బండిని నిలిపి, చక్రములకు రాళ్ళు పెట్టవలెను. చేతి యుంగరములు, కడియములు తీసివేయవలెను. బ్యాటరీ కడ బీడీ కాల్పరాదు. మీటరు ఎఱ్ఱపుల్లను ఆంపియర్ల రంధ్రములో నుంచి బ్యాటరీ మీద పెట్టరాదు. అది రెండు ధ్రువములను ఇనుపకడ్డీతో కలిపినట్లే. హాలోజను బల్బు గాజును వ్రేళ్ళతో తాకరాదు. చేతి జిడ్డున్నచోట గాజు మితిమీఱి వేడెక్కి బల్బు త్వరగా చెడును. పోయిన ఫ్యూజు స్థానమున రాగితీగ చుట్టరాదు. ఫ్యూజు పోవుట ఒక ఫిర్యాదు. దాని నోరు కట్టిన ఆ ఫిర్యాదు మంటయై వెలువడును.

ఇంకొక దురభ్యాసము కలదు. దీపము మసకగా నున్నదని 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్ల బల్బు పెట్టుదురు. పూడిన కాలువ చివర మడిని పెద్దది చేసిన పంట పెరుగునా? ప్రవాహము హెచ్చి, నష్టమును హెచ్చి, స్విచ్చి కరగును. తీగ మంచిదైనచో ఎదుటివాని కన్నులు చెదరును. పాతదీపపు గిన్నెలో నెల్.ఇ.డి. బల్బును దూర్చుటయు తఱచుగా నిట్టిదే. ఆ గిన్నె వేఱొక బల్బు తీగ యుండుచోటున కనుగుణముగా నిర్మింపబడినది గనుక వెలుగు చెదరిపోవును. నా త్రోవ నాకు కనబడిన చాలునని తలచువాడు, ఎదుటివాడు గ్రుడ్డివాడైనచో వచ్చి తనమీదనే పడునని మఱచుచున్నాడు. మఱియు, అంకెలన్నియు సరిగా నుండియు వెలుగు లేనిచో విద్యుత్తును వెదకుట మాని గిన్నెను చూడవలెను. లోపలి మెఱుగు నల్లబడినను, అద్దము పసుపుబాఱినను, దీపము గురి తప్పినను ఎన్ని వోల్టులున్నను లాభము లేదు.

ఈ విద్య గొప్ప శాస్త్రవేత్తలకు మాత్రమే చెందినది కాదు. కూడిక, తీసివేత తెలిసిన పదవతరగతి పిల్లవాడు ఒక సాయంకాలములో నేర్వగలడు. నేను చెప్పిన జీపు యజమాని రెండు జతల బల్బులకు, ఒక బ్యాటరీకి వెచ్చించిన ధనము ఆతని పిల్లల బడిఖర్చు కావచ్చును. ఊహ ఖరీదైనది, కొలత చౌక. ప్రతి మరమ్మతు దుకాణములోను ఒక మీటరును, ఒక చిన్న పుస్తకమును ఉంచుకొన్నచో, ఏ బండికి ఏ మెట్టుమీద ఎంత పోయినదో వ్రాసియుంచినచో, మఱుసటిసారి సగము పని ఆ పుస్తకమే చేయును. బండి యజమానులును మిస్త్రీని "ఏది మార్చవలెను?" అని యడుగుట మాని, "ఎంత పోవుచున్నది, ఎచ్చట పోవుచున్నది?" అని యడుగ నేర్వవలెను.

పత్తిబండ్లు బయలుదేఱు కాలమునకు, జాతరలకు ముందుగా, వానలు వెలిసినంతనే ఒక పూట ఈ పరీక్షకై కేటాయింపుడు. అర వోల్టు దారిలో, 0.2 వోల్టు ఎర్తులో. ఈ రెండంకెలు జ్ఞాపకముంచుకొన్న చాలును. చీకటిత్రోవలో నెదురుపడు ఆ తెలియని బాటసారి మీ బండిని, మీరాతనిని సకాలమున చూచుకొందురు గాక. సెలవు.